ఇమామ్ బాబాయ్ మెషీను, జుబియా సర్వరు

ముందు గదిలో నా కంప్యూటర్, వెనక గదిలో ఇమామ్ బాబాయ్ మెషీను. మధ్యలో ఒక్కటే గోడ. నేను ఇక్కడ తుమ్మితే ఆయన అక్కణ్ణుంచి "చిరంజీవ" అంటాడు, అంత దగ్గర. ఆ గోడకి ఇవతల ఉన్న ఫైలు అవతలికి చేరడానికి మేం పడిన పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు.

మాది గవర్నర్‌పేటలో పెళ్ళి కార్డుల ప్రెస్సు. ఓనరు వెంకటకృష్ణారావు గారు. నా పేరు సుస్మిత, డీటీపీ చేస్తాను. పార్టీ వాళ్ళు తెచ్చిన మేటరు టైపు చేసి, కార్డు అమర్చడం నా పని. కార్డు మీద బంగారు రంగులో మెరిసే అక్షరాలకి మాత్రం ఇత్తడి బ్లాక్ కావాలి. ఆ బ్లాక్ చెక్కేది బాబాయ్ మెషీను. ఇత్తడి మీద అక్షరాలన్నీ తిరగబడి చెక్కుకుని వస్తాయి. దాన్ని వేడి చేసి బంగారు రేకు మీద ఒత్తితే కార్డు మీద సరిగ్గా పడతాయి.

ఇమామ్ బాబాయ్ ఆ మెషీను దగ్గర చేరేనాటికి నేను ఉయ్యూరులో గౌనేసుకుని బడికి వెళ్తున్నాను. అప్పటినుంచీ ఆయనకి ఒక పేరు స్థిరపడిపోయింది. "ఇమామ్ గారి చేత్తో మొదలెట్టిన కార్డయితే ఆ పెళ్ళి ఆగదు" అని. ఎవరు పుట్టించారో ఏమో గానీ, ఉయ్యూరు నుంచీ మైలవరం నుంచీ కూడా ఆ మాట పట్టుకునే వస్తారు. పంతులు గారితో కార్డు మొదలెట్టడానికి ముహూర్తం పెట్టించుకుని, ఆ టైము బాబాయ్‌కి చెప్పి వెళ్తారు. తెల్లవారుజామైనా సరే, ఆదివారమైనా సరే, ఆ టైముకి ఆయన తన కంప్యూటర్ ముందు కూర్చుని, అమర్చి ఇచ్చిన కార్డు పైన "శ్రీరస్తు శుభమస్తు" అన్న లైను కొట్టి సేవ్ చేయాలి. అప్పుడే కార్డు మొదలైనట్టు లెక్క. ఐదు పూటలా నమాజు చేసే మనిషి, ఆ లైను కొట్టేముందు చెప్పులు విప్పుతాడు. ఎందుకు బాబాయ్ అంటే, "వాళ్ళ బిడ్డల పెళ్ళి కదమ్మా" అంటాడు.

ఇక ఆ మెషీనుని నడిపే కంప్యూటర్ సంగతి చెప్తే మీకూ తలనొప్పి వస్తుంది. అందరి కంప్యూటర్లలో ఉండేవి దాంట్లో లేవు. దాని సిస్టమ్ వేరే. తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. రిపేరుకి ఎవరిని పిలిచినా ఆ స్క్రీన్ చూసి "ఇదేం సిస్టమండీ బాబూ!" అని సంచీ సర్దుకునేవాడు. దానికి పెన్‌డ్రైవ్ పెట్టే చోటు లేదు. నేను ఫ్లాపీలోకి ఎక్కించి ఇస్తే బాబాయ్ పట్టుకెళ్ళి దాంట్లో పెట్టేవాడు. ఇప్పుడు ఫ్లాపీలు ఎక్కడ దొరుకుతాయి? బాబాయ్ ముందుచూపుతో ఒక పెట్టె నిండా కొని, సింగ్ నగర్‌లో ఇంట్లో మంచం కింద దాచుకున్నాడు. బుడమేరు వరదలో ఆ పెట్టె మునిగింది. సైకిలు పోయింది. ప్రెస్సు తాళం చెవి కూడా ఆ బురదలోనే పోయింది. నీళ్ళలో జారిపడి మోకాలు చెడగొట్టుకున్నాడు, అది గోరుచుట్టు మీద రోకటి పోటు.

ఫ్లాపీలు లేకపోతే మెషీను లేదు, మెషీను లేకపోతే బాబాయ్ లేడు. రావు గారు మంచాయనే, కానీ వ్యాపారం వ్యాపారమే. "బ్లాకులు బయట చేయించుకుందాం సుస్మితా. ఆ డొక్కుని కాటాకి వేసేస్తే ఆ గది గోడౌనుకి పనికొస్తుంది" అన్నారు. అన్న వారానికి పాత ఇనుప సామాన్ల అతను రానే వచ్చి మెషీను చుట్టూ తిరిగి, కాలితో తట్టి చూసి వెళ్ళాడు. ఆ పూట బాబాయ్ టిఫిన్ డబ్బా మూత తీయలేదు.

అప్పుడు దిగింది జుబియా. బాబాయ్ ఒక్కగానొక్క కూతురు. బీటెక్ చదివి, మైలవరంలో ఒక కాలేజీ ల్యాబ్‌లో పని చేస్తోంది. సాయంత్రం బస్సు దిగి నేరుగా మా ప్రెస్సుకి వచ్చింది. ఆ కంప్యూటర్ వెనక రేకు విప్పి, లోపలికి టార్చి వేసి చూసి, "నెట్‌వర్క్ కార్డుకి చోటుంది సార్. శ్రావణం పెళ్ళిళ్ళ లోపు అక్క కంప్యూటర్‌కీ దీనికీ కలిపేస్తాను. మా అబ్బా మెషీను తీసెయ్యకండి" అంది. రావు గారు గడ్డం గోక్కుని, "శ్రావణం దాకా చూస్తా" అన్నారు.

"కలపడమంటే ఏంటే?" అన్నాను నేను.

"బీరువాకి రెండో వైపు కూడా తలుపు పెట్టాననుకో అక్కా. నువ్విటు నుంచి సర్దుతావు, అబ్బా అటు నుంచి తీసుకుంటాడు. బీరువా ఒకటే. దాని దగ్గర కూర్చుని ఇచ్చిపుచ్చుకునే కాపలా మనిషే సర్వరు."

"అదేదో రెడీమేడ్ దొరకదా?"

"దొరుకుతుంది. కానీ అది చాలా బరువు. ఈ ముసలిదాని మెమరీ నీ ఫోన్‌లో ఒక్క ఫొటోకి చాలదు. అందుకే దూదిలాగా, తేలిగ్గా, నేనే రాయాలి."

రాసింది. రాసింది అనడం తేలిక. రోజూ సాయంత్రం వచ్చి ఆ స్క్రీన్ ముందు కూర్చుని తిట్లు. "నీ మొహం మండ! నిన్న ఒప్పుకున్నావుగా, ఇవాళ ఏమొచ్చింది నీకు?" అని దాన్ని తిట్టేది. నేను ఇవతల్నుంచి "నన్నేనా?" అనేదాన్ని. ఏదైనా అడగడానికి మనిషి లేడు. ఎక్కడో దేశం కాని దేశంలో ఆ సిస్టమ్‌ని ఇంకా పట్టుకుని వేలాడేవాళ్ళు నలుగురున్నారట, వాళ్ళకి ఉత్తరం ముక్క రాస్తే జవాబు వారానికి వస్తుంది. అదీ, "మాకూ తెలియదు, మీకు తెలిస్తే చెప్పండి" అని! తల ప్రాణం తోకకొచ్చింది పిల్లకి. ఫైలు పంపితే సగమే వెళ్ళేది. సగం సరిచేస్తే రెండుసార్లు వెళ్ళేది. ప్రతిసారీ నన్ను "అక్కా, ఒక్కసారి పంపు" అనేది. ఆ ఒక్కసారి ఎన్నిసార్లయిందో దేవుడికే తెలియాలి. నా ఇంట్లో కుక్కర్ ఎవరు పెడతారు, నేను ఇంటికి పోవద్దా!

మొత్తానికి ఒక సాయంత్రం నా ఫైలు గోడ దాటింది. బాబాయ్ వెనక గదిలోంచి "వచ్చిందమ్మోయ్!" అని అరిచాడు. నేను లేచి వెళ్ళి చూస్తే, మోకాలి నొప్పి మరిచిపోయి నిలబడి ఉన్నాడు. జుబియా మాత్రం నవ్వలేదు. "ఆగండి, ఇంకో చిక్కుంది" అంది. కార్డుని నేనూ మారుస్తాను, బ్లాక్‌కి తగ్గట్టు బాబాయ్ కూడా మారుస్తాడు. రెండు కాపీలు తయారైతే సర్వరు ఏది ఉంచుకోవాలి? దానికామె ఒక నియమం పెట్టింది. ఏ కాపీ మీద తేదీ, టైము కొత్తగా ఉన్నాయో అది ఉంచు, రెండోది పక్కన పడెయ్. నాకు కూడా సబబుగానే అనిపించింది. ఎవరికనిపించదు?

అక్కణ్ణుంచి మొదలైంది అసలు తద్దినం.

విజిటింగ్ కార్డులు పంపితే చక్కగా వెళ్ళేవి. బిల్లు పుస్తకాల హెడ్డింగులు వెళ్ళేవి. ఓపెనింగ్ పిలుపులు వెళ్ళేవి. పెళ్ళి కార్డు అంటే మాత్రం దానికి పగ. అదీ అన్నీ కాదు, కొన్నే. సాయంత్రం ఏడింటికి పార్టీ వాళ్ళు ఫోన్ చేసి "మేనమామ పేరు మర్చిపోయామండీ, కలపండి" అంటారు. నేను కలిపి సేవ్ చేసి, దీపం ఆర్పి ఇంటికి పోతాను. పొద్దున బాబాయ్ బ్లాక్ చెక్కితే మేనమామ ఉండడు! మైలవరం వాళ్ళ కార్డు అలాగే అయింది. ఒత్తే ముందు రావు గారు చూశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే మేనమామ లేకుండా పెళ్ళా? మండపంలో తలలు పగిలేవి. ఇత్తడి రేకు మాత్రం వృథా.

జుబియా ఆదివారాలు కూడా మానేసి కూర్చుంది. పేర్లు పెద్దవైతే చెడుతోందా అని చూసింది. కాదు. తెలుగు ఒత్తుల వల్లనా? కాదు. వంద విజిటింగ్ కార్డులు పంపించి చూసింది, ఒక్కటీ తప్పలేదు. ఒకసారి మాత్రం స్క్రీన్ మీద వేలు పెట్టి "అక్కా, ఇది చూడు. ఇవాళ శుక్రవారం. ఈ ఫైలు మీద రేపటి తేదీ ఉంది! దీని గడియారం బ్యాటరీ పోయింది" అని చంకలు గుద్దుకుంది. లెనిన్ సెంటర్ దాకా వెళ్ళి బ్యాటరీ కొని మార్చింది. మళ్ళీ అదే. ఇంకో బ్యాటరీ మార్చింది. బాబాయ్ పక్కనే స్టూలు మీద కూర్చుని, మోకాలు రుద్దుకుంటూ, ఏమీ మాట్లాడకుండా చూసేవాడు. కూతురు కష్టపడుతోందని బాధపడుతున్నాడు కాబోలు అనుకున్నాను.

"నీ ప్రోగ్రాం సంగతి తేల్చమ్మా" అన్నారు రావు గారు ఒక రోజు. మర్యాదగానే అన్నారు, కానీ చేతిలో ఫోన్ ఉంది, ఫోన్‌లో ఇనుప సామాన్ల అతని నంబరుంది. జుబియా మొహం చూడలేకపోయాను.

అప్పుడొచ్చాడు బసవయ్య గారు.

ఉయ్యూరు దగ్గర పల్లె ఆయనది. ఒకప్పుడు చెరకు రైతు. తెల్ల పంచె, చంకలో గొడుగు. మనవడు సాయిగణేష్ పెళ్ళి కార్డులు అంతకు ముందే మా దగ్గర చేయించుకుని పట్టుకెళ్ళారు. ఆ రోజు రెండో శనివారం, కాలేజీ లేదు కాబట్టి జుబియా కూడా పొద్దున్నే వచ్చి వెనక గదిలో ఉంది. పెద్దాయన మెట్లెక్కి, నా బల్ల ముందు కుర్చీలో కూర్చుని, ఒక కార్డు తీసి నా ముందు పెట్టాడు.

"నేనెప్పుడు పోయానమ్మా?" అన్నాడు. "నాకెవరూ చెప్పలేదే."

చూశాను. బంగారు అక్షరాల్లో, నిగనిగలాడుతూ, "కీ.శే. బసవయ్య గారి మనుమడు" అని ఉంది. తప్పు మొదట వాళ్ళదే. పెద్దమనవడి పాత కార్డులో వాళ్ళ రెండో తాతగారి పేరు ముందున్న కీర్తిశేషులు తెచ్చి, ఈయన పేరు ముందు తగిలించి పంపారు. కానీ శనివారం సాయంత్రం ఫోన్ చేసి తీసెయ్యమన్నారు. నేను తీసేశాను! నా చేతుల్తో తీసేశాను, నా స్క్రీన్ మీద సరిగ్గా ఉందని రెండుసార్లు చూసుకున్నాను కూడా. సోమవారం బ్లాక్ చెక్కారు. బ్లాక్ మీద అక్షరాలు తిరగబడి ఉంటాయి, ఎవడు చదివి చచ్చాడు?

"మా మాణిక్యమ్మ అది చూసి, నుదురు తడుముకుని ఒకటే ఏడుపు" అన్నాడు పెద్దాయన. "నాకేమో నవ్వొచ్చింది. కానీ అది నవ్వడంలేదమ్మా. ముప్పూటలా అన్నం మానేసింది. పంచిన కార్డులు వెనక్కి తెచ్చుకుంటున్నాం ఇంటింటికీ తిరిగి. ఒకావిడైతే నన్ను గుమ్మంలో చూసి కెవ్వుమంది."

రావు గారు గదిలోంచి బయటికొచ్చి, కార్డు చూసి, తల పట్టుకున్నారు. మా మాటలు విని బాబాయ్, జుబియా కూడా వచ్చారు. పెద్దాయన బాబాయ్‌ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఇమాం సాయిబు గారూ, ఒక్క మాట చెప్పండి. ఇంట్లో ఆడవాళ్ళు ముహూర్తం తప్పి ఉంటుందంటున్నారు. నేను కాదన్నాను. సాయిబు గారి చెయ్యి పడితే టైము తప్పదు అన్నాను. ఆదివారం పది నలభైకే మొదలెట్టారు కదా?"

బాబాయ్ తల ఎత్తలేదు. "మొదలెట్టానండీ" అన్నాడు.

ఆదివారం! ఆదివారం మా ప్రెస్సుకి సెలవు. వరదలో బాబాయ్ తాళం చెవి పోయిన దగ్గర్నుంచి నాదొక్కటే ఉంది. మారు చెవి చేయించుకోండి బాబాయ్ అని ఎన్నిసార్లు చెప్పినా "చూద్దాంలేమ్మా" అని దాటేసేవాడు. ఆ ఆదివారం నా తాళం చెవి మా ఇంట్లో మేకుకి వేలాడుతోంది. జుబియా వైపు చూశాను. ఆ పిల్ల నోరు తెరుచుకుని వాళ్ళ నాన్న వైపు చూస్తోంది. ఆదివారం పది నలభై. బసవయ్య గారి ఫైలు మీద ఉన్న తేదీ, టైము అవే. ఆమె శనివారం సాయంత్రమే చూసి, రెండో బ్యాటరీ కూడా పోయిందనుకున్న టైము.

నాకు అర్థమయ్యేసరికి ఒక్క క్షణం పట్టింది. బాబాయ్ ఆ ఆదివారం రాలేదు. శనివారం సాయంత్రమే, బస్సుకి వెళ్ళే ముందు, కంప్యూటర్ గడియారం ఆదివారం పది నలభైకి తిప్పి, శ్రీరస్తు కొట్టి, సేవ్ చేసి, మళ్ళీ గడియారం వెనక్కి తిప్పేశాడు. ఆ తర్వాత నేను చేసిన దిద్దుబాటు మీద శనివారం ఏడు గంటలని పడింది. సర్వరు రెండూ చూసి, ఆదివారానిదే కొత్తదని, నాది పక్కన పడేసింది. తెల్లవారుజాము ముహూర్తాలన్నీ అంతే. ముందురోజు సాయంత్రమే రేపటి టైము. అందుకే పెళ్ళి కార్డులే చెడ్డాయి, అందులోనూ కొన్నే. విజిటింగ్ కార్డుకి ముహూర్తం ఎవడు పెట్టిస్తాడు!

జుబియా ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు. తప్పు ప్రోగ్రాందు కాదు అంటే చాలు. ఇన్నాళ్ళ మాటలకి ఒక్కసారిగా జవాబు చెప్పేయొచ్చు. అంటుందనే అనుకున్నాను.

"తప్పు నా ప్రోగ్రాందే తాతగారూ" అంది. "అబ్బా చెయ్యి కాదు."

"విన్నావుగా ఇమామ్" అన్నారు రావు గారు. "ఇక నా వల్ల కాదు. సోమవారం అతన్ని రమ్మంటాను."

"మెషీను మీ ఇష్టమండీ" అన్నాడు బసవయ్య గారు. "నా కార్డు మాత్రం మళ్ళీ మొదట్నుంచీ వెయ్యాలి. పంతులు గారిని అడిగే వచ్చా. రేపు పొద్దున ఐదూ పన్నెండుకి బాగుందన్నారు. సాయిబు గారి చేత్తోనే మొదలవ్వాలి. అప్పుడు గానీ మా ఆవిడ అన్నం తినదు."

రావు గారు నిట్టూర్చారు. "సరే. ఈ ఒక్కటీ చూస్తా. ఇదీ తప్పితే ఇక నన్నడగొద్దు."

పెద్దాయన వెళ్ళాక వెనక గదిలో తలుపు వేసుకుని జుబియా పేలింది. గోడ ఇవతల నేను వినకూడదనుకున్నా వినపడింది, ఇంకాసేపటికి నేనే లోపలికి వెళ్ళాను.

"రెండు బ్యాటరీలు మార్చాను అబ్బా! నువ్వు పక్కన కూర్చుని చూస్తున్నావు! నేను పిచ్చిదానిలా ఒత్తులు లెక్కపెట్టుకుంటుంటే చూస్తున్నావు!"

"గడియారానికీ ఫైలుకీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసమ్మా" అన్నాడు బాబాయ్. "ఏదో బ్యాటరీ సంగతి అనుకున్నా. అడుగుదామంటే... నోరు రాలేదు."

"అసలెందుకు తిప్పావు? రాలేనని వాళ్ళకి చెప్తే ఏం పోయింది?"

బాబాయ్ మోకాలు చూపించాడు. "వరద ముందు దాకా ఒక్కటి తప్పలేదు. సైకిలు మీద వచ్చేసేవాణ్ణి. ఇప్పుడీ కాలు మోయదు, తెల్లవారుజామున ఆటో దొరకదు, ఆదివారమైతే ప్రెస్సుకి తాళం. వాళ్ళేమో ఇంత దూరం వచ్చి, నా చెయ్యి పట్టుకుని, మీరైతేనే అంటారు. రాలేనని ఎలా చెప్పను? మెషీనుకి ఆదివారం అని చెప్పి మొదలెట్టా. దానికి ఆదివారమే కదా అని మనసుకి నచ్చజెప్పుకున్నా."

"నన్నడగొచ్చుగా! ఇంట్లో స్కూటీ ఉంది. నేనున్నాను."

"నీకు ఈ ముహూర్తాలూ అవీ గిట్టవు కదమ్మా" అన్నాడు బాబాయ్.

ఆ పిల్ల గబుక్కున అటు తిరిగి, కీబోర్డు ముందుకి లాక్కుంది. నాకు కోపం రావాలి నిజానికి. ఎన్ని సాయంత్రాలు పాడుచేశాడు ఈ మనిషి నావి! కానీ ఆ స్టూలు మీద ముడుచుకుపోయి కూర్చున్న ఆయన్ని చూస్తే కోపం ఎక్కడికి పోయిందో పోయింది. కళ్ళు తుడుచుకుని బయటికొచ్చాను.

మధ్యాహ్నానికల్లా జుబియా పని అయిపోయింది. నాలుగు లైన్లట. ఇక గడియారం మాట నమ్మకుండా, ఎవరు ఎన్నోసారి సేవ్ చేశారో వరస నంబరు వేసుకుంటుందట సర్వరు. ఎవరు చివరగా సేవ్ చేస్తే వాళ్ళదే లెక్క.

"అయితే బాబాయ్ గడియారం ఎటు తిప్పినా ఇక గొడవ లేదన్నమాట" అన్నాను.

"లేదు."

"హమ్మయ్య. బాబాయ్, సాయంత్రమే మొదలెట్టేసి హాయిగా ఇంటికెళ్ళి పడుకోండి. రేపు ఆదివారం, నన్ను కూడా పడుకోనివ్వండి."

బాబాయ్ కూతురి వైపు చూశాడు. కూతురు కీబోర్డు పక్కకి నెట్టి లేచింది. నేను తాళం వేసుకుని ఇంటికొచ్చేశాను.

తెల్లారకముందే ఫోన్ మోగింది. జుబియా. "అక్కా, తాళం పట్టుకుని రా."

"నీకేమైనా మతి పోయిందా? అన్నీ సరిచేశావుగా! నీ ప్రోగ్రాం ఇప్పుడు గడియారం చూడదు కదే!"

"ప్రోగ్రాం చూడదు. ఆ తాత చూస్తాడు. తిట్టుకుంటూనే రా, కానీ రా."

తిట్టుకుంటూనే వెళ్ళాను. జడ వేసుకోలేదు, మొహం సరిగ్గా కడగలేదు. ఏలూరు రోడ్డు మీద పాల వ్యాన్లు తప్ప ఏమీ లేవు. మా సందు మొదట్లో జుబియా స్కూటీ, వెనక సీటు మీద ఒక కాలు చాపుకుని బాబాయ్. దారి పొడుగునా కూతురితో తిట్లు తిన్న మొహం అది, తెలుస్తూనే ఉంది. అయినా గుండీలన్నీ పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

ప్రెస్సు ముందుకి వెళ్ళేసరికి మూసి ఉన్న షట్టర్ దగ్గర మెట్టు మీద ఎవరో కూర్చుని ఉన్నారు. చంకలో గొడుగు.

"వచ్చారా సాయిబు గారూ!" అంటూ లేచాడు బసవయ్య గారు. "ఏం లేదు, బతికున్నానని ఈసారి దగ్గరుండి చూసుకుందామని. పాల వ్యాను వాడు ఎక్కించుకున్నాడు."

తాళం తీయడం మరిచి పెద్దాయన్నే చూశాను. మేం రాకపోతే? సాయంత్రమే తిప్పేసి, ముగ్గురం ముసుగు తన్ని పడుకుని ఉంటే? ఈ పెద్దాయన మూసిన షట్టర్ ముందు కూర్చుని, ఐదూ పన్నెండు దాటడం చూసి, ఉయ్యూరు వెళ్ళి ఏం చెప్పేవాడు? బాబాయ్ మొహం తెల్లబోయింది. ఆయనకీ అదే తట్టింది. జుబియా మాత్రం "తొందరగా తియ్యి అక్కా" అంది.

లోపలికి వెళ్ళాం. పెద్దాయన స్టూలు మీద కూర్చున్నాడు. బాబాయ్ చెప్పులు విప్పి, కంప్యూటర్ ఆన్ చేశాడు. ఇంకా టైముంది. ఆయన కుడి చెయ్యి, అలవాటు కొద్దీ, గడియారం మార్చే మీట మీదికి వెళ్ళింది.

జుబియా ఆ చెయ్యి పట్టుకుంది.

"అది సరిగ్గానే ఉంది అబ్బా" అంది మెల్లగా. "ఊరికే కూర్చో."

ఊరికే కూర్చున్నాం నలుగురం. బయట ఎక్కడో టీ కొట్టు తలుపులు తెరుస్తున్న చప్పుడు. స్క్రీన్ మూల అంకెలు ఒక్కొక్కటే మారుతున్నాయి. ఐదూ పన్నెండు కాగానే బాబాయ్ శ్రీరస్తు కొట్టి, సేవ్ చేసి, రెండు చేతులూ మొహం మీద తుడుచుకున్నాడు.

పొద్దెక్కాక నా కంప్యూటర్‌లో కార్డు తెరిచి, "కీ.శే." చెరిపి సేవ్ చేశాను. బాబాయ్ తనవైపు తెరిచాడు. లేదు! కీర్తిశేషం లేదు! బ్లాక్ చెక్కించి, ఒక ఖాళీ కార్డు మీద ఒత్తి పెద్దాయన చేతికిచ్చాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తన పేరు చదువుకుని, ముందున్న ఖాళీ చోటు మీద వేలు రుద్దిరుద్ది చూశాడు.

"ఇది మాణిక్యమ్మకి" అని పంచె మడతలో దోపుకున్నాడు.

సోమవారం రావు గారు అది విని, ఫోన్ తీసి ఇనుప సామాన్ల అతనికి రావద్దని చెప్పారు. మెషీను ఉంది. బాబాయ్ ఉన్నాడు. గోడకి ఇవతల నేనున్నాను, నా ఖర్మ. ఏమంటే, బసవయ్య గారు ఊరుకోకుండా ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పాడట. సాయిబు గారు ముహూర్తానికి ఎలా వస్తాడో కళ్ళారా చూశానని. పార్టీలు పెరిగాయి. అన్నీ తెల్లవారుజాము ముహూర్తాలే. తాళం చెవికి మారు చేయించి బాబాయ్ చేతిలో పెట్టాను. "నువ్వు కూడా రామ్మా, పార్టీ వాళ్ళు దిద్దుబాట్లు చెప్తారు" అంటాడు.

రేపు నాలుగూ నలభైకట. స్కూటీ నన్ను కూడా ఎక్కించుకు వెళ్తుందట, జుబియా ఇందాకే ఫోన్ చేసి చెప్పింది. చెప్పి, దానికి ముందూ వెనకా వాళ్ళ నాన్ననీ, పంతుల్నీ, ముహూర్తాలనీ, పెళ్ళిళ్ళనీ అన్నింటినీ తిట్టి పెట్టేసింది. అలారం మాత్రం తనే పెట్టుకుందట, వాళ్ళ అబ్బాకి వదిలెయ్యకుండా.